కబురు అందినవాడే పోయాలి

ఫిబ్రవరి 4

నా బంగారు తల్లీ,

నీకూ, నిన్న భూమ్మీద పడ్డ ఆ చిట్టి మహారాణికీ, ఓడ మీద ఉద్యోగంలో ఉన్న అల్లుడుగారికీ ఈ ముసలాడి ఆశీస్సులు గంపలకొద్దీ. నేను తాతనయ్యాను. ఈ మాట రాసి పైకి చదువుకున్నాను. బాగుంది. మళ్ళీ రాస్తాను. నేను తాతనయ్యాను.

కింద కొట్టమ్మ నీ ఫోన్ అందుకుని, మూడో అంతస్తు దాకా రొప్పుతూ ఎక్కి వచ్చి, "నీకు మనవరాలు పుట్టింది పెద్దాయనా, తల్లీ పిల్లా క్షేమం" అని నా చెవిలో అరిచింది. రైలు పెట్టెల షెడ్డులో ముప్పయ్యేళ్ళు రివెట్లు కొట్టి చెవులు పోగొట్టుకున్నవాణ్ణి. ఫోన్లో ఎవరు మాట్లాడినా నాకు నీళ్ళలో మునిగి మాట్లాడినట్టుంటుంది, అందుకేగా మన ఉత్తరాలు. ఈ మాట మాత్రం మొదటిసారే వినపడింది. అయినా ఇంకోసారి చెప్పించుకున్నాను. మూడోసారి అడిగితే "పోవయ్యా, నా కొట్టు కుక్కలపాలవుతుంది" అని దిగిపోయింది.

ఇక మా అంతస్తులో సందడి ఏం చెప్పమంటావు. షెడ్డువాళ్ళ పద్ధతి నీకు తెలిసిందే. ఎవడికి మంచి కబురు అందితే వాడే పోయాలి, చుట్టూ ఉన్నవాళ్ళందరూ పుచ్చుకోవాలి. వద్దన్నవాడు గ్లాసుని కాదు, కబురునే వద్దన్నట్టు. ఊరు కాని ఊళ్ళో, మన భాష రానివాళ్ళ మధ్య మాకు చుట్టాలంటే ఒకళ్ళకొకళ్ళమే కదా, ఆ పద్ధతి ఒక్కటీ మేం వదల్లేదు. రిటైరైనవాళ్ళం అందరం నా గదిలోనే చేరాం. షెడ్డుకి తాళాలు చేసిన ఎదురు గది తాళాలాయన పాట కూడా పాడాడు. నేను పెద్దవాణ్ణి, ఏదో పెదవి తడిపి మర్యాద నిలబెట్టాను. మా వంటాయన గ్లాసు ఎన్నిసార్లు ఖాళీ అయిందో మాత్రం అడక్కు. షెడ్డు క్యాంటీన్లో వండినవాడే, ఇప్పుడు నా గదిలో రెండో మంచం వాడిది. పోయడం ఆలస్యం, గ్లాసు తిరగేసి చూపిస్తాడు.

తరవాత బజారుకెళ్ళి పాపకి గిలక కొన్నాను. తిరిగొస్తుంటే మెట్ల మీద చెప్పు మడతపడి కూలబడ్డాను. గిలకకేం కాలేదు, మోకాలు కాస్త గీరుకుంది. వంటాయన వచ్చి రెక్క పట్టుకుని పైకి లాక్కెళ్ళాడు, కట్టుకున్న పెళ్ళాంలాగ సణుగుతూ.

తల్లీ, నీ సెలవు ఆగస్టులో అయిపోతుందన్నావు. నువ్వు కత్తెర పట్టుకుని ఆ యూనిఫారాల ఫ్యాక్టరీకి వెళ్ళాలి, అల్లుడుగారు నెలల తరబడి సముద్రం మీద. పాపని పరాయివాళ్ళకి అప్పజెప్పకు. నేనొస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనూ నా మనవరాలూ. నాకు ఈ జన్మకి ఇంకేం వద్దు.

కొత్తగా డాక్టరు నిద్రకి మాత్ర రాశాడు. హాయిగా పడుకుంటున్నాను, దిగులు పెట్టుకోకు.

ఆనందం పట్టలేక కాయితం అంచు దాకా రాస్తున్న
మీ నాన్న

మార్చి 12

నాన్నా,

మీ ఉత్తరం పాప పక్కన పడుకుని చదివాను. నవ్వుతుంటే కుట్లు లాగాయి. జవాబుకి ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకోకండి. పాప నిద్రపోతే నేను నిద్రపోతాను, పాప లేస్తే నేను లేస్తాను, మధ్యలో అన్నం తిన్నానో లేదో గుర్తుండదు.

మీకో మంచి కబురు. పాప నవ్వుతోంది. మొదట నిద్రలో నవ్వే ఉత్తుత్తి నవ్వనుకున్నాను. నిన్న మీ ఫోటో చూపించి "తాత" అన్నాను, బోసినోరు మొత్తం తెరిచింది. మిమ్మల్ని చూసి నవ్విన మొదటి మనిషి ఇదే అయ్యుంటుంది, అందరూ భయపడేవాళ్ళు కదా.

ఆగస్టుకి మీరొస్తానంటే నాకు సగం బరువు దిగిపోయింది. నిజంగా నాకు ఇంకెవరూ లేరు. పక్కింటావిడ చూస్తానంది గానీ మనసొప్పలేదు. పాలు పట్టడం, పడుకోబెట్టడం అన్నీ నేను నేర్పిస్తాను.

ఒక్క మాట. వంట మావయ్య అలా తాగుతుంటే మీకు ఇబ్బందిగా లేదా? ఒకే గది, ఒకే పొయ్యి. ఆ వయసులో ఏదైనా అయితే మీ నెత్తి మీదకే వస్తుంది. మీ మీద నాకేం దిగుల్లేదు, ఆయన గురించే. రెండుసార్లు సాయంత్రం ఫోన్ చేశాను, మీకు వినపడకపోయినా మీరు బాగున్నారని కొట్టమ్మతో చెప్పించుకుందామని. రెండుసార్లూ "పిలిచినా లేవట్లేదు, పడుకున్నాడు" అంది. ఇంకా వెలుతురుండగానే పడుకుంటున్నారా? ఆ మాత్ర మరీ గట్టిదేమో, డాక్టరుని అడగండి.

మోకాలు తగ్గిందా?

మీ అమ్మాయి

మార్చి 25

నా తల్లీ,

నవ్విందా. నా ఫోటో చూసి నవ్విందా. ఆ ఫోటో షెడ్డు గుర్తింపు కార్డు కోసం తీసింది, అందులో నేను దొంగలా ఉంటాను. దాన్ని చూసి నవ్విందంటే దాని మనసు ఎంత మంచిదో చూడు.

ఉత్తరం పట్టుకుని ప్రతి గది తలుపూ తట్టాను. ఆ సాయంత్రం మళ్ళీ అందరూ చేరారు. కబురు నాది కాబట్టి పోసింది నేనే. తాళాలాయన, "ఇది నవ్వుకి. ఇంక పన్ను వస్తే ఏం చేస్తావో చూస్తా" అన్నాడు. పన్ను వస్తే వీధంతటికీ పోస్తానన్నాను. వంటాయన నా వంక గుర్రుగా చూసి, తన గ్లాసే ముందు జాపాడు. అదీ వాడి సంగతి. పోనీలే, వాడు మంచివాడు. పొయ్యి మీద కూర పెట్టి నేను నీ ఉత్తరం చదువుతూ మర్చిపోయాను. గిన్నె అడుగు నల్లబడి గదంతా పొగ. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో వచ్చి కట్టేశాడు. "నీకు పొయ్యి ముట్టించే హక్కు ఇవాళ్టితో రద్దు" అన్నాడు. నాకూ అదే కావాలి, వండే బాధ తప్పింది.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి. గురువారాలు కింద హాల్లో ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సమ్మ వస్తోంది. మన భాష పిల్లే, అందర్నీ తాతగారూ అంటుంది. పెద్దవయసు వలసవాళ్ళు తాగుడు బారిన పడకుండా ఏదో కార్యక్రమమట. టీ, బిస్కెట్లు ఇస్తారు. ఒక కరపత్రం పంచింది, నువ్వూ చూస్తావని ఇందులో పెడుతున్నాను. ఆ బొమ్మలో మనిషిని చూడు. టోపీ పెట్టుకుని, అంత ఎత్తు కుర్చీ ఎక్కి, కాలి మీద కాలేసుకుని తాగుతున్నాడు. తాళాలాయన "ఈ కుర్చీ ఎక్కితే తాగకుండానే పడతాను" అన్నాడు. హాలు హాలంతా నవ్వు.

"మీలో ఎవరికైనా ఈ అలవాటుందా తాతగారూ" అని అడిగింది. ఒక్క చెయ్యి లేవలేదు. మనవరాలి ఈడు పిల్ల నోరారా తాతగారూ అంటుంటే ఎవడు లేపుతాడు? నేనే లేచి నుంచుని, "అమ్మా, తాగుబోతంటే రోడ్డు మీద పడేవాడు, పెళ్ళాన్ని కొట్టేవాడు. మా అంతస్తులో అలాంటివాళ్ళు లేరు. మేం షిఫ్టు తప్పినవాళ్ళం కాదు" అన్నాను. చప్పట్లు. ఆ పిల్ల ముచ్చటపడి నన్నే పెద్దగా పెట్టి జేబుకి ఒక బిళ్ళ తగిలించింది. పుచ్చుకునేవాళ్ళు రోజుకి ఒక గ్లాసు దాటకూడదని అందరికీ చెప్పే బాధ్యత నాది. చెబుతూనే ఉన్నాను. ఒకటే గ్లాసు, ఒకటే.

మీ నాన్న హోదా చూశావా తల్లీ. బిళ్ళ ఉన్న తాత.

అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు, కలం సరిగా పారడం లేదు.

నీ నాన్న

మే 20

నాన్నా,

మీ బిళ్ళ సంగతి అల్లుడుగారికి కూడా రాశాను. మామగారు ఇప్పుడు అధికారి అన్నమాట, సెలవు చీటీ ఆయనే ఇస్తారేమో అడుగు అని జవాబు రాశారు.

పాప బోర్లా పడింది. మంగళవారం నేను బట్టలు మడతపెడుతున్నాను, చాప మీద పక్కకి ఒరిగి ఒరిగి ఒక్క ఊపున తిరగబడింది. తిరగబడి, తనేం చేసిందో తనకే తెలియక నా వంక చూసింది. మీరుంటే ఎంత బాగుండేది. మీరు దిగులుగా ఉన్నట్టు అనిపిస్తే ఇలాంటివి ఇంకా రాస్తాను. మీ ఉత్తరాల్లో సంతోషం చూస్తే నాకు బలం వస్తుంది.

ఇప్పుడొక మాట చెబుతాను, కోప్పడకండి. మీకు చెప్పకుండా ఒక పని చేశాను. మీరు పంపిన కరపత్రం మీద చిరునామా ఉంది, ఆ నర్సమ్మకి ఉత్తరం రాశాను. మా నాన్న గదిలో ఉన్నాయన బాగా తాగుతారు, గ్లాసు మీద గ్లాసు, ఏళ్ళ స్నేహం కాబట్టి మా నాన్న మొహమాటపడి చెప్పడు, మీరు ఆయన్ని చూడండి అని రాశాను. మీరు కూరలు మాడ్చేవాళ్ళు కాదు నాన్నా. పొగ, మెట్ల మీద పడటం, వేళకాని వేళ నిద్ర, ఇవన్నీ ఆయన వల్లే మీకు మనశ్శాంతి లేకనే అనుకుంటున్నాను. ఆగస్టులో నా బిడ్డ మీ చేతుల్లో ఉండాలి. మీరు హాయిగా ఉండాలి.

మావయ్యకి తెలియనివ్వకండి, నా మీద కోపం తెచ్చుకుంటారు.

మీ అమ్మాయి

జూన్ 6

తల్లీ,

బోర్లా పడ్డ నా బంగారానికి కోటి ముద్దులు. అందరూ దోగాడాక బోర్లా పడతారేమో గానీ ఇది ముందే పడింది. ఏమిటో రాస్తున్నాను, బోర్లా పడటమే ముందు కదా. సంతోషంలో తికమక.

నీ ఉత్తరం ఒకటి నాకు, ఒకటి నర్సమ్మకి, ఒకే వారంలో చేరాయి. ఆ పిల్ల చిన్నది, తెలియలేదు. గురువారం అందరూ టీ తాగుతుండగా మన వంటాయన దగ్గరికొచ్చి కూర్చుని, "తాతగారూ, మీరు కొంచెం ఎక్కువ తీసుకుంటున్నారని మీవాళ్ళు బెంగపడుతున్నారు" అంది. మర్యాదగానే అంది, కాకపోతే మా చెవిటివాళ్ళకి వినపడే గొంతుతో. హాలంతా మా వైపు తిరిగింది. వాడు నా వంక చూశాడు. నేను టీ వంక చూశాను.

"సరేనమ్మా" అన్నాడంతే. మర్నాడు పొద్దున పక్క చుట్టి, పెట్టె కట్టేసుకుని, మేనల్లుడింటికి పోతున్నానన్నాడు. మీ ఊళ్ళోనేనట. "వెళ్ళకురా" అన్నాను. "నీ కూతురు చల్లగా ఉండాలి. పొయ్యి జాగ్రత్త" అన్నాడు. గుమ్మం దాటాక కూడా వెనక్కొచ్చి పొయ్యి మర తిప్పి చూసి వెళ్ళాడు. వాడికి చాదస్తం.

సరే, వెళ్ళినవాడు వెళ్ళాడు. నువ్వు చేసింది మంచికే చేశావు. గది ఇప్పుడు విశాలంగా ఉంది. కాళ్ళు చాపుకోవచ్చు.

పాప కబురుకి ఆ సాయంత్రం పోయడానికి సీసా తీశాను. తాళాలాయన కొడుకింటికి వెళ్ళాడు. మిగతావాళ్ళు ఎందుకో రాలేదు, హాల్లో జరిగినదానికి ముడుచుకున్నారేమో. కబురుని ఊరికే పోనిస్తామా? నాకొక గ్లాసు పోసుకుని, వంటాయన గ్లాసు కూడా నింపి వాడి మంచం పక్కన పెట్టాను. ఇద్దరం ఉన్నట్టే మాట్లాడాను. పారబోస్తే బిడ్డ కబురు పారబోసినట్టు కదా, అది కూడా నేనే పుచ్చుకున్నాను. నాదైతే ఒకటే. రెండోది వాడిది.

తల్లీ, ఇంకా ఏమేం చేస్తోందో రాయి. రోజూ రాయి.

నీ నాన్న

జూన్ 20

నాన్నా,

వంట మావయ్య ఆదివారం మా ఇంటికి వచ్చారు. పాపకి ఒక టోపీ తెచ్చారు. నేనే ఆయన్ని గది నుంచి వెళ్ళగొట్టించానని తెలిసి కూడా వచ్చారు. మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. చాలాసేపు పాపనే చూస్తూ కూర్చుని, చివరికి అడిగారు.

"అక్కడ పొయ్యి ఎవరు కట్టేస్తున్నారమ్మా ఇప్పుడు?"

నాకు అర్థం కాలేదు. బుద్ధి తక్కువై, "మీరు మానేశారా మావయ్యా ఇప్పుడైనా?" అన్నాను.

"నేను మానేసింది నీ పెళ్ళి కంటే ముందు. కడుపులో పుండు. ఇంకో చుక్క వేస్తే చస్తావన్నాడు డాక్టరు, చావడం ఇష్టం లేక మానేశా" అన్నారు.

"మరి నాన్న పోసేవి?"

"మీ నాన్న పోస్తే వద్దనకూడదు, పద్ధతి. పుచ్చుకుంటాను. ఆయన అటు తిరగ్గానే గిన్నెలు కడిగే తొట్లో పారేస్తాను. నా గ్లాసులోకి ఎంత వస్తే సీసాలో ఆయనకి అంత తక్కువ. అందుకే నాది ఎప్పుడూ ముందు ఖాళీ."

"ఆ రోజు హాల్లో ఈ మాట చెప్పలేదేం?"

"ఎలా చెబుతానే? నలుగురిలో ఆయన్ని పెద్దని చేసి బిళ్ళ పెట్టారు. ఆయన పరువు నేను తీస్తానా? కూతురి దగ్గర కూడా తియ్యకూడదు. పొయ్యి భయం ఉంది కాబట్టి తీశాను" అన్నారు. అని, పాపని ఒకసారి ఎత్తుకుంటానన్నారు. ఎత్తుకున్నారు. వెళ్ళిపోయారు.

నాన్నా, కూతురు తండ్రిని అడగకూడని మాట ఇది. చిన్నప్పుడు మీరు షిఫ్టు నుంచి వచ్చి పెరటి గదిలో తలుపేసుకుంటే, అమ్మ "నాన్న కాళ్ళు కడుక్కుంటున్నారు" అనేది. కాళ్ళు కడుక్కోవడానికి అంతసేపెందుకని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మీరెంత తాగుతున్నారు? ఆ నిద్రమాత్ర మీద తాగుతున్నారా?

నాకు నిజం రాయండి. నేనేమీ అనను.

మీ అమ్మాయి

జూన్ 29

అమ్మాయికి,

ఒక్క గ్లాసు. నర్సమ్మ చెప్పినట్టే. అడిగావు, చెప్పాను. షెడ్డులో నన్ను వేలెత్తి చూపినవాడు లేడు, నువ్వు చూపావు. చూపితే చూపావు, నా కూతురివి. నీ మీద నాకు కోపం నిలవదు, నీకు తెలుసు. వంటాయన మాటలకేం, వాడికి రోషం వచ్చింది, అందుకే అన్నీ తిరగేసి చెప్పాడు. తొట్లో పోశాడట. తొట్లో పోసేవాడు గ్లాసు తిరగేసి ఎందుకు చూపిస్తాడు?

పోనీ అవన్నీ. నేను ఉషారుగా ఉన్నాను. నీ ఉత్తరంలో పాప కబురు ఒక్కటీ లేదు, అయినా నాకు లోటేం లేదు. బోర్లా పడ్డ ఉత్తరం ఉందిగా. సాయంత్రం షెడ్డులో షిఫ్టు వదిలే సైరన్ మోగే వేళకి అది తీస్తాను. ఎప్పుడు చదివినా ఇప్పుడే అందినట్టుంటుంది. రోజూ అందినట్టే, రోజూ బోర్లా పడినట్టే. ఏ రోజు కబురు ఆ రోజుదే. అది అయ్యాక నవ్విన ఉత్తరం తీస్తాను.

నవ్వొచ్చే సంగతి ఒకటి. మొన్న అగ్నిమాపకం వాళ్ళు మా అంతస్తుకి వచ్చారు. నా గదికే. పెద్దగా ఏం లేదు, పొయ్యి పక్క తెర కాస్త అంటుకుంది, నేను కుర్చీలో కునుకు తీస్తున్నాను. ఎంత మర్యాదస్తులో, నన్ను భుజాల మీద మోసుకుని కిందకి దించారు. పెళ్ళికొడుకులా దిగాను. తాళాలాయన తలుపు పగలగొట్టాడు. జన్మంతా తాళాలు చేసినవాడు తాళం తియ్యలేక గొడ్డలి తెచ్చాడు, దానికి ఇంకా ఏడిపిస్తున్నాం.

గోడ నల్లబడింది, సున్నం వేసేదాకా గది ఖాళీ చెయ్యమన్నారు. నాకు ఆలోచన వచ్చింది. ఆగస్టు దాకా ఎందుకు? టికెట్టు తీసుకున్నాను. జూలై పన్నెండున దిగుతాను. స్టేషనుకి నా పెట్టె మొయ్యడానికి ఎవరూ రానక్కర్లేదు, నువ్వు పాపని తెస్తే చాలు. నా చేతుల్లో పెట్టు. అక్కడి నుంచి ఇంటిదాకా నేనే ఎత్తుకుంటాను, ఎవ్వరికీ ఇవ్వను. నువ్వు వెంటనే ఫ్యాక్టరీకి వెళ్ళిపోవచ్చు.

కళ్ళ నిండా మనవరాలితో,
నాన్న

జూలై 4

నాన్నా,

రాకండి.

ఇది రాయడానికి మూడు కాయితాలు చించాను. రాకండి నాన్నా. టికెట్టు వెనక్కి ఇచ్చెయ్యండి.

ఒక్క గ్లాసు అన్నారు. మీరు అబద్ధం ఆడరు, నాకు తెలుసు. కరపత్రం తీసి చూశాను. అందులో బొమ్మ చిన్న గాజుగ్లాసు, గుప్పిట్లో పట్టేది. మీ గ్లాసు ఏదో నాకు తెలుసు, నేను చిన్నప్పుడు మీకు మజ్జిగ ఇచ్చిన స్టీలు గ్లాసు. మా ఇంట్లో అలాంటిదే ఉంది. అంతే ఉన్న గాజుగ్లాసుతో దాంట్లోకి నీళ్ళు పోసి కొలిచాను. మీ ఒక్కదాంట్లో కరపత్రంవి నాలుగు నిండి ఇంకా మిగిలాయి. మీరు రెండు మంచాలకీ పోసుకుంటున్నారు, పైన నిద్రమాత్ర.

తెర అంటుకున్నప్పుడు ఆ కుర్చీలో మీ ఒళ్ళో పాప ఉందనుకోండి. నేను ఫ్యాక్టరీలో బట్ట కత్తిరిస్తూ ఉంటాను. నాకు అది తప్ప ఇంకేమీ కనబడటం లేదు. మీ చేతుల్లో పెట్టను. కన్నతండ్రికి ఈ మాట రాసినందుకు నన్ను తిట్టండి. పక్కింటావిడతో మాట్లాడాను. ఆవిడే చూస్తుంది.

ఇంకొకటి. పాప నవ్విందని రాశాను, పోశారు. బోర్లా పడిందని రాశాను, పోశారు. మిమ్మల్ని సంతోషపెడదామని నేను రాసిన ప్రతి అక్షరానికీ మీరు గ్లాసు నింపారు. నాకు తెలియలేదు. ఇక నుంచి పాప కబుర్లు మీకు రాయను. పన్ను వచ్చినా రాయను.

నర్సమ్మకి మళ్ళీ ఉత్తరం రాశాను, ఈసారి నిజం. డాక్టరుకి చూపించుకోండి. ఒక్కసారిగా మానెయ్యకండి, అది కూడా ప్రాణం మీదకి వస్తుందట. ఆయన చెప్పినట్టు తగ్గించండి. వంట మావయ్య మీ దగ్గరికి తిరిగొస్తానన్నారు, మీరు పిలిస్తేనే.

పిలవండి నాన్నా.

మీ అమ్మాయి

ఆగస్టు 23

తల్లీ,

నెలన్నర రాయలేదు. మొదట కోపం, తరవాత ఆసుపత్రి. టికెట్టు వెనక్కి ఇవ్వలేదు, చించేశాను. దాని సంగతి ఇక ఎత్తను.

నీ ఉత్తరం అందాక వరసగా వారం రోజులు ఏం చేశానో నాకు తెలియదు, తాళాలాయనకి తెలుసు, చెప్పడు. ఆసుపత్రిలో డాక్టరు మాత్ర ఆపేశాడు. గ్లాసుని కొలత పెట్టి మెల్లిగా దించుకొచ్చాడు. ఇప్పుడు అసలు లేదు. చేతులు వణికేవి, గోడ మీద పురుగులు పాకినట్టు కనిపించేవి, ఇప్పుడు తగ్గాయి. వంటాయన్ని పిలిచాను. వచ్చాడు. క్షమించరా అన్నాను. "పొయ్యి ఎక్కడ పెట్టారు" అని అడిగాడు. వాడు ఇవాళ మేనల్లుణ్ణి చూడ్డానికి వెళ్ళాడు, రేపొస్తాడు.

నర్సమ్మ తన పద్ధతి మార్చుకుంది. హాల్లో ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఆ టోపీవాడి బొమ్మ తీసేసింది. గురువారం పొద్దున కాకుండా రోజూ సైరన్ వేళకి హాలు తెరుస్తోంది. చదరంగం, టీ. ఆ వేళ గడవడమే మాకు కష్టమని ఎవరో చెప్పారట. నేనే చెప్పాను, ఆ పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు. మన స్టీలు గ్లాసులోనే టీ ఇస్తోంది. బిళ్ళ ఇచ్చేశాను. ఉంచుకోమంది, ఉంచుకోలేదు.

పాప ఎలా ఉందని అడగను. రాయకు. నువ్వు అన్నది నిజం. నీకు రాయాలనిపిస్తే నర్సమ్మ పేరు మీద రాయి, హాల్లో అందరి మధ్య చదువుతుంది. నా చేతికి ఇవ్వకు. ఇప్పటికి నా చేతుల్లో పాపని నువ్వు పెట్టినా నేనే పుచ్చుకోను.

ఇవాళ ఆదివారం, హాలు మూత. గదిలో ఒక్కణ్ణే. సైరన్ మోగింది. ఇప్పుడే తాళాలాయన తలుపు తట్టాడు. మనవడికి ఉద్యోగం వచ్చిందట, నాకు కూడా వినపడేంత గట్టిగా అరుస్తున్నాడు. "పెద్దాయనా, మొదటి గ్లాసు నీదే. నీ మనవరాలికి నేను తాగలేదా?" అంటున్నాడు. నా తలుపు పగలగొట్టి నన్ను బతికించినవాడు. అతని కబురుని నేను కాదనాలి.

పడుకున్నాడనుకుంటాడని కదలకుండా కూర్చున్నాను. దీపం వెలుగుతోంది కాబట్టి అనుకోడు. కలం కింద పెడితే లేస్తాను, లేస్తే తలుపు తీస్తాను. అందుకని రాస్తున్నాను. ఏం రాయాలో తెలియడం లేదు. మీ ఊళ్ళో వానలు పడుతున్నాయా. అల్లుడుగారు ఎప్పుడు వస్తారు. కత్తెర పట్టుకుంటే నీ బొటనవేలు ఇంకా నొప్పి పెడుతోందా, దానికి గుడ్డ చుట్టుకో. గిలక నా దగ్గరే ఉంది.

"ఏం పెద్దాయనా, నా మనవడు నీకు మనవడు కాడా?" అంటున్నాడు.

ఇంకా తడుతున్నాడు. కాయితం అయిపోయింది. ఇంకో కాయితం తీస్తున్నాను.